హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు: ప్రణాళిక, పెట్టుబడి, టోలు

హైదరాబాద్ నగరం చుట్టూ 158 కి.మీ. పొడవున ఎనిమిది వరుసలతో సాగే టోలు రహదారి ఇది. అధికారికంగా పెట్టిన పేరు జవహర్‌లాల్ నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు. పత్రికల్లో ఓఆర్ఆర్, జనం నోట ఔటర్. రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాల గుండా వెళ్తుంది. తొలి భాగం 2008 నవంబరులో, చివరి ముక్క 2018 మేలో వాడుకలోకి వచ్చాయి. నిర్మాణ వ్యయం సుమారు రూ.6,696 కోట్లు. మన దేశంలో టోలు రోడ్లకు డబ్బు సమకూర్చే ముఖ్యమైన పద్ధతుల్లో చాలావరకు ఈ ఒక్క వలయం మీదే కనిపిస్తాయి. పని జరిగినకొద్దీ బిల్లు చెల్లించే కాంట్రాక్టు, యాన్యుటీ, విదేశీ రుణం, భూముల వేలం, ఆఖరికి 30 ఏళ్ల టోలు లీజు, అన్నీ ఇక్కడ ఉన్నాయి. ప్రాంతీయ టోలు రహదారి ఎలా రూపుకడుతుందో, ఎవరి డబ్బుతో నిలబడుతుందో, ఆ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి వస్తుందో తెలుసుకోవడానికి తెలుగు నేల మీద ఇంతకంటే నిండైన ఉదాహరణ లేదు.

నేపథ్యం

హైదరాబాద్ నుంచి బయటికి పోయే పెద్ద రోడ్లన్నీ బండి చక్రం ఆకుల్లా నగరం నడిబొడ్డు నుంచి విడిపోతాయి. పుణె, విజయవాడల వైపు పాత 9వ నంబరు జాతీయ రహదారి (ఇప్పుడు 65), నాగ్‌పూర్, బెంగళూరుల వైపు పాత 7 (ఇప్పుడు 44), వరంగల్ వైపు పాత 202 (ఇప్పుడు 163) ఉన్నాయి. వీటికి తోడు కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, శ్రీశైలం, నాగార్జునసాగర్, నర్సాపూర్, వికారాబాద్ రోడ్లు. ఒక దారి నుంచి మరో దారికి మారాలంటే ఊళ్లోకి రాక తప్పేది కాదు. నాగ్‌పూర్ నుంచి బెంగళూరుకు సరుకు తీసుకెళ్లే లారీకి హైదరాబాద్‌లో ఏ పనీ లేకపోయినా మేడ్చల్ వైపు నుంచి లోపలికొచ్చి ఆరాంఘర్ వైపు బయటపడాల్సి వచ్చేది. పగటివేళ భారీ వాహనాలపై ఆంక్షలుండటంతో శివార్లలో లారీలు బారులు తీరేవి.

దారి మధ్యలో నగరం అడ్డొస్తే దాన్ని తప్పించే వలయం వేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. దానికి తొందర తెచ్చింది మాత్రం పడమటి హైదరాబాద్. 1998లో హైటెక్ సిటీ మొదలైంది. మాదాపూర్, గచ్చిబౌలి పరిసరాలు చూస్తుండగానే కొత్త నగరమయ్యాయి. అంతర్జాతీయ విమానాశ్రయానికి శంషాబాద్‌ను ఎంచుకున్నారు. 2008 మార్చిలో అది తెరుచుకునేసరికి గచ్చిబౌలి నుంచి అక్కడికి చేర్చే వేగమైన దారి కావాలి. మొత్తం వలయంలో మొదట గచ్చిబౌలి–శంషాబాద్ ముక్కనే కట్టడానికి కారణం ఇదే. 2004 తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పూర్తి వలయాన్ని చేపట్టి, 2005 చివర్లో హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ అనే ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా అందులో ఒక భాగస్వామి. 2008 ఆగస్టులో హుడాను, మరి కొన్ని ప్రాధికార సంస్థలను కలిపి హెచ్ఎండీఏగా మార్చారు.

ప్రత్యేక సంస్థ పేరులో 'గ్రోత్ కారిడార్' అన్న మాట ఊరికే చేరలేదు. రోడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు మేర భూమిని అభివృద్ధి మండలంగా గుర్తించి, దానికి విడిగా మాస్టర్ ప్లాన్ తయారుచేశారు. రోడ్డుతో పాటు రోడ్డు పక్కన లేవబోయే నగరాన్ని కూడా మొదటి రోజు నుంచే లెక్కలోకి తీసుకున్నారన్నమాట. ఈ రోడ్డు ఆర్థికం అర్థం కావాలంటే ఈ విషయాన్ని మరచిపోకూడదు.

మార్గ నిర్ణయం, భూసేకరణ

రహదారికి 150 మీటర్ల వెడల్పున భూమి తీసుకున్నారు. మధ్యలో అటు నాలుగు, ఇటు నాలుగు వరుసల ప్రధాన మార్గం, దానికి రెండు పక్కలా సర్వీసు రోడ్లు, భవిష్యత్తులో రైలు మార్గం వస్తే దానికి కొంత జాగా వదిలారు. ప్రధాన మార్గంలోకి ఎక్కడ పడితే అక్కడ ఎక్కడానికి వీల్లేదు. నిర్ణీత ఇంటర్‌చేంజుల దగ్గరే ఎక్కాలి, దిగాలి. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు ప్రవేశం లేదు. వాటి దారి సర్వీసు రోడ్డే. అక్కడ టోలు కూడా ఉండదు.

అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఏ ఊరి ఏ సర్వే నంబరు మీదుగా పోవాలన్న గీత, ఇలాంటి ప్రాజెక్టుల్లో అన్నిటికంటే సున్నితమైన నిర్ణయం. ఇంజనీరు దృష్టిలో అది వంపులు, ఎత్తుపల్లాలు, చెరువులు, కొండరాళ్ల లెక్క. పడమట ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన 111వ నంబరు జీవో 84 గ్రామాలకు వర్తించేది. దాన్నీ గమనించుకోవాలి. రైతు దృష్టిలో మాత్రం ఆ గీత వంద గజాలు అటు జరిగితే పొలం పోతుంది, ఇటు జరిగితే అదే పొలం రోడ్డు పక్క స్థలమై పదింతల ధర పలుకుతుంది. ఒకే ఊళ్లో పక్కపక్క పొలాల వారి బతుకులు ఇంత తేడాగా మారిపోతుంటే, గీత ఎందుకు మారిందన్న అనుమానం రాకుండా ఉండదు. ఔటర్ విషయంలోనూ అలైన్‌మెంట్ మార్పులపై తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి, కోర్టు కేసులు నడిచాయి. అలైన్‌మెంట్‌కు ఉన్న ప్రత్యామ్నాయాలను, ఒకదాన్ని వదిలి మరొకదాన్ని ఎంచుకున్న కారణాలను ముందుగానే జనం ముందు పెట్టి ఉంటే ఆ వివాదాల్లో చాలావాటికి తావుండేది కాదు.

భూసేకరణ జరిగింది 1894 నాటి చట్టం కింద. రిజిస్ట్రేషన్ కాగితాల్లో కనిపించే ధరను మార్కెట్ విలువగా తీసుకుని, దానిమీద 30 శాతం సాంత్వన పరిహారం కలిపేవారు. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి మన దగ్గర అమ్మకం ధరను కాగితం మీద తక్కువ చేసి రాసే అలవాటు ఎంత పాతదో అందరికీ తెలుసు. ఊళ్లో ఎవరో తక్కువకు రాయించుకున్న దస్తావేజు, భూమి పోగొట్టుకున్న మరొకరి పరిహారానికి కొలమానమైంది. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం సాంత్వనను 100 శాతం చేసింది. గ్రామీణ భూములకు మార్కెట్ విలువను రెండింతల దాకా హెచ్చించే వీలు కల్పించింది. 2015 నుంచి జాతీయ రహదారుల కింద సేకరించే భూమికీ ఈ లెక్కే వర్తిస్తోంది. అప్పటికి ఔటర్ భూసేకరణలో చాలాభాగం ముగిసిపోయింది.

ఒక్క చోట పేచీ వస్తే మొత్తం ఎంత ఆగుతుందో చెప్పడానికి కండ్లకోయ చాలు. నాగ్‌పూర్ రహదారిని దాటే అక్కడి ఇంటర్‌చేంజ్ దగ్గర భూవివాదాల వల్ల కిలోమీటరుకు కాస్త పైబడిన ముక్క ఏళ్ల తరబడి మిగిలిపోయింది. మిగతా వలయమంతా సిద్ధమైనా అక్కడ దిగి మళ్లీ ఎక్కాల్సి వచ్చేది. 2018 మే 1న అది తెరిచాకే 158 కిలోమీటర్ల చుట్టు పూర్తయింది.

డబ్బు ఎలా వచ్చింది

టోలు రోడ్డు గురించి మాట్లాడేటప్పుడు 'టోలుతోనే కట్టారు' అనుకోవడం పరిపాటి. నిజానికి టోలు వసూలయ్యేది రోడ్డు పూర్తయ్యాక. సిమెంటు, తారు, కూలీ, పరిహారం డబ్బు కావలసింది అంతకు ముందు. ఆ మధ్య కాలానికి పెట్టుబడి ఎవరు పెడతారు, అనుకున్నన్ని వాహనాలు రాకపోతే నష్టం ఎవరిది అన్న ప్రశ్నలకు ఎవరు ఎలా జవాబిచ్చారన్నదే పద్ధతుల మధ్య ఉన్న తేడా. ఔటర్‌ను మూడు దశలుగా విడగొట్టి, మూడింటికీ మూడు రకాల జవాబులిచ్చారు.

గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య 24.38 కి.మీ. మొదటి దశ. దీన్ని నేరుగా కాంట్రాక్టుకు ఇచ్చి, పని జరిగినకొద్దీ బిల్లులు చెల్లించారు. కాంట్రాక్టరుకు ట్రాఫిక్‌తో నిమిత్తం లేదు. నష్టభయమంతా ప్రభుత్వానిదే. ఆ రోజుల్లో హుడాకు చేతిలో ఉన్న పెద్ద ఆస్తి నగరం పడమటి భూములు. 2006–07 ప్రాంతంలో కోకాపేటలో 'గోల్డెన్ మైల్' పేరుతో వేలం వేసినప్పుడు ఎకరాకు కోట్లలో పాట పాడారు. ఆ తర్వాత ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చింది, ధరలు జారాయి, పాడినవారు డబ్బు కట్టలేమంటూ కోర్టుకెక్కారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా నడిచింది. భూమి అమ్మి రోడ్డు కట్టడంలో ఉన్న చిక్కు ఇదే. భూమి గిరాకీ మీద ఉన్నప్పుడు డబ్బు వద్దన్నా వస్తుంది. గిరాకీ పడిపోయినా, మొదలుపెట్టిన పనికి బిల్లులు మాత్రం ఆగవు.

నార్సింగి–పటాన్‌చెరు, శంషాబాద్–పెద్ద అంబర్‌పేట భాగాలు, మొత్తం 62.3 కి.మీ., రెండో దశ. వీటిని ఐదు ప్యాకేజీలుగా విడగొట్టి యాన్యుటీ పద్ధతిలో ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. సంస్థ తన వాటా పెట్టుబడితో, బ్యాంకు అప్పుతో రోడ్డు కడుతుంది. కట్టాక ప్రభుత్వం ఆరు నెలలకోసారి ముందే ఒప్పుకున్న మొత్తం చెల్లిస్తుంది. నిర్మాణ కాలంతో కలిపి ఒప్పందం 15 ఏళ్లు. టోలు వసూలు హక్కు సంస్థది కాదు. వాహనాలు ఎన్ని తిరిగినా దాని ఆదాయం మారదు. ఎవరు తక్కువ యాన్యుటీ అడిగితే వారికే పని దక్కుతుంది. ప్రభుత్వానికి ఇందులో లాభం ఏమిటంటే, చేతిలో డబ్బు లేకపోయినా ఇవాళే రోడ్డు లేస్తుంది. బరువు మాత్రం తొలగిపోదు. రాబోయే 12, 13 ఏళ్ల బడ్జెట్ల మీదికి సర్దుకుంటుంది. యాన్యుటీని అప్పు కాదన్నట్టు లెక్కల్లో చూపే అలవాటు ప్రమాదకరమైనది. ఏటా తప్పకుండా కట్టాల్సిన సొమ్మును ఏ పేరుతో పిలిచినా అది అప్పే. దాన్ని అలాగే ప్రకటించాలి.

పటాన్‌చెరు నుంచి శామీర్‌పేట, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా ఉన్న 71.3 కి.మీ. ఉత్తర, తూర్పు భాగాలకు జపాన్ రుణం వచ్చింది. 2008 మార్చిలో ఒకసారి, నవంబరులో మరోసారి ఒప్పందాలు కుదిరాయి. రెండూ కలిపి సుమారు 8,400 కోట్ల యెన్‌లు. మొదటిదానిపై సంతకం చేసిన జపాన్ బ్యాంకు తాలూకు విదేశీ సాయం విభాగం ఆ ఏడాది అక్టోబరులో జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ 'జైకా'లో విలీనమైంది. అందుకే ఇప్పుడు అందరూ జైకా రుణమనే అంటారు. జైకా వడ్డీ చాలా తక్కువ, తీర్చే గడువు దశాబ్దాలు. టెండర్లలో, పునరావాసంలో, పర్యావరణంలో అది పెట్టే షరతుల వల్ల మొదట్లో కొంత ఆలస్యమైనా పనికి ఒక క్రమశిక్షణ వస్తుంది.

అయితే తక్కువ వడ్డీ అనగానే చవక అనుకోరాదు. అప్పు యెన్‌లలో ఉంది, టోలు రూపాయల్లో వస్తుంది. 2008 మార్చిలో ఒక యెన్ విలువ 40 పైసల దరిదాపుల్లో ఉండేది. 2012 నాటికి అది 60 పైసలు దాటింది. అదే యెన్ తీర్చాలంటే ఒకటిన్నర రెట్లు రూపాయలు కావాలి. విదేశీ రుణాలను కేంద్రం తన దగ్గరికి వచ్చిన షరతులతోనే రాష్ట్రానికి బదలాయించే పద్ధతి 2005 తర్వాత అమల్లోకి వచ్చింది కాబట్టి, మారకపు భారం కూడా రాష్ట్రానిదే. వడ్డీ రేటు పక్కన ఈ లెక్క కూడా వేసి చూపకపోతే ప్రజలకు సగం సమాచారమే ఇచ్చినట్టు.

టోలు

జాతీయ రహదారుల మీద 60 కిలోమీటర్లకో టోల్ ప్లాజా ఉంటే, ఆ ప్లాజా దాటినవారు కడతారు. రెండు ప్లాజాల మధ్య తిరిగేవారు కట్టరు. ఔటర్‌ది వేరు పద్ధతి. ఎక్కిన చోటు నుంచి దిగిన చోటికి ఎన్ని కిలోమీటర్లయితే అంతకే టోలు. గేట్లు ప్రధాన మార్గం మీద లేవు, ఇంటర్‌చేంజుల దగ్గరే ఉంటాయి. వేగంగా పోయే బండి మధ్యలో ఆగదు. న్యాయం దృష్ట్యా చూసినా, ప్రయాణం దృష్ట్యా చూసినా ఇదే మేలైన విధానం.

జాతీయ రహదారుల టోలు రేట్లను 2008 నిబంధనలు నిర్ణయిస్తాయి. నాలుగు వరుసలు, అంతకు మించిన రోడ్డుకు 2007–08 మూల రేటు కారుకు కి.మీ.కు 65 పైసలు, బస్సు, లారీలకు 2 రూపాయల 20 పైసలు. దానిమీద ఏటా 3 శాతం స్థిరంగా, టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం అదనంగా కలుపుతారు. ఏప్రిల్ 1న కొత్త రేట్లు రావడానికి కారణం ఈ సూత్రమే. ఔటర్ రాష్ట్రానిది, జాతీయ రహదారి కాదు. అయినా ఏటేటా పెంపు ఇదే తరహాలో సాగుతోంది. 2025 ఏప్రిల్‌లో కారుకు కి.మీ.కు 2 రూపాయల 44 పైసలు అయింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన రూ.3,000 ఫాస్టాగ్ వార్షిక పాసు జాతీయ రహదారులకే పరిమితం కావడానికీ, ఔటర్ మీద చెల్లకపోవడానికీ ఈ యాజమాన్య భేదమే కారణం.

పెట్టుబడి తిరిగి వచ్చేశాక టోలు ఆగాలా అన్న ప్రశ్న ప్రతి టోలు గేటు దగ్గరా వినిపిస్తుంది. 2008 నిబంధనల్లో, ఖర్చు రాబట్టుకున్నాక రేటు 40 శాతానికి తగ్గాలని ఉండేది. 2023లో దాన్ని సవరించి పూర్తి రేటు కొనసాగించేందుకు వీలు కల్పించారు. నిర్వహణకు డబ్బు కావాలన్న వాదనలో నిజముంది. ఏడెనిమిదేళ్లకోసారి పైపొర మార్చాలి, దీపాలు, రెయిలింగులు, అంబులెన్సులు నడపాలి. దానికి పూర్తి రేటు అవసరమా అన్నది మాత్రం రోడ్డు వారీగా లెక్కలు చూపించి తేల్చాల్సిన విషయం. ఢిల్లీ–నోయిడా వంతెన రోడ్డు ఒప్పందంలో నిర్మాణ సంస్థకు ఏటా 20 శాతం రాబడి హామీ ఇచ్చి, తగ్గినదాన్ని ప్రాజెక్టు ఖర్చులో కలుపుకుంటూ పోయే సూత్రం రాశారు. దాంతో ఎన్నేళ్లు వసూలు చేసినా రాబట్టాల్సిన సొమ్ము పెరుగుతూనే పోయింది. 2016లో అలహాబాద్ హైకోర్టు ఆ టోలును ఆపేసింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఒప్పందంలోని ఒక చిన్న సూత్రాన్ని సంతకానికి ముందే ఎవరైనా కాగితం మీద 20 ఏళ్లకు లెక్కగట్టి చూసి ఉంటే ఈ లోపం బయటపడేది.

ముప్పై ఏళ్ల లీజు

రోడ్డు పూర్తయి టోలు నిలకడగా వస్తున్నాక, రాబోయే ఏళ్ల వసూళ్ల హక్కును ఒకేసారి పెద్ద మొత్తానికి ఇచ్చేయడాన్ని టీఓటీ అంటారు. టోలు వసూలు, నిర్వహణ, గడువు తీరాక అప్పగింత అన్నవి ఇందులోని మూడు మెట్లు. 2004లో ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వేను మహారాష్ట్ర సంస్థ రూ.918 కోట్ల ముందస్తు చెల్లింపుకు 15 ఏళ్లు ఇచ్చినప్పుడు ఈ ఆలోచనకు తొలి రూపం కనిపించింది. జాతీయ రహదారులకు కేంద్రం 2016లో దీన్ని ఆమోదించింది. 2018లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది మార్గాల తొలి కట్టను ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ రూ.9,681 కోట్లకు తీసుకుంది.

ఔటర్‌కు హెచ్ఎండీఏ 2022లో టెండర్లు పిలిచింది. 2023 ఏప్రిల్‌లో రోడ్ల సంస్థ ఐఆర్‌బీ ఇన్‌ఫ్రా రూ.7,380 కోట్లకు 30 ఏళ్ల హక్కు దక్కించుకుంది. ఆగస్టులో డబ్బు చెల్లించి వసూళ్లు మొదలుపెట్టింది. ఈ మొత్తం తక్కువన్న విమర్శ ఆనాటి ప్రతిపక్షాల నుంచి గట్టిగా వచ్చింది. కనీస ధరను ఎలా నిర్ణయించారో ముందుగా ప్రకటించలేదన్నది వారి ప్రధాన అభ్యంతరం. ప్రభుత్వం మారాక, 2024 డిసెంబరులో, ఈ లీజుపై ప్రత్యేక దర్యాప్తు బృందం వేస్తామని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు.

మొత్తం ఎక్కువా తక్కువా అన్నది తేల్చడానికి చాలామంది వేసే లెక్క ఒకటుంది. 7,380ని 30తో భాగిస్తే ఏడాదికి రూ.246 కోట్లు వస్తుంది, రోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువ సంపాదిస్తుంది కదా అంటారు. ఈ లెక్క సరైనది కాదు. ఇవాళ చేతికొచ్చే రూపాయి, 30 ఏళ్ల తర్వాత వచ్చే రూపాయి ఒకటి కావు. ఏడాదికి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే, 30వ ఏట వచ్చే రూపాయికి ఇవాళ్టి విలువ ఆరు పైసలు కూడా ఉండదు. 7 శాతం చొప్పున అయితే 13 పైసలు. అంటే ఆ తగ్గింపు రేటు ఎంత పెట్టుకున్నారన్న ఒక్క అంకె మీద వేల కోట్ల తేడా వస్తుంది. దానికి తోడు ట్రాఫిక్ ఏటా ఎంత పెరుగుతుందన్న అంచనా, టోకు ధరల అంచనా ఉంటాయి. అందుకే అసలు చర్చ జరగాల్సింది 7,380 అన్న మొత్తం మీద కాదు, దాని వెనకున్న ఆ మూడు అంచనాల మీద. ప్రజల ఆస్తిని ఒక తరం పాటు ఇచ్చేటప్పుడు కనీస ధర లెక్కను టెండరు తెరిచిన మరుక్షణమైనా పూర్తిగా బయటపెట్టడం ప్రభుత్వ విధి. అలా చేసి ఉంటే ఏ ప్రభుత్వం వచ్చినా దర్యాప్తు అవసరమే ఉండేది కాదు. ముందుగా వచ్చిన సొమ్ము రోడ్ల మీదికే తిరిగి వెళ్లేలా కట్టడి చేయడం కూడా అంతే ముఖ్యం. ముప్పై ఏళ్ల ఆదాయాన్ని ఒక్క ఏడాది ఖర్చుల్లో కలిపేస్తే తర్వాతి ఇరవై తొమ్మిది బడ్జెట్లకు మిగిలేది ఏమీ ఉండదు.

అదే 2023 ఆగస్టులో మరో వేలం జరిగింది. ఔటర్‌ను ఆనుకుని ఉన్న కోకాపేట నియోపొలిస్‌లో హెచ్ఎండీఏ 45 ఎకరాలు అమ్మింది. గరిష్ఠంగా ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. మొత్తం రూ.3,319 కోట్లు వచ్చాయి. 158 కి.మీ. రోడ్డు మీద 30 ఏళ్ల టోలు హక్కుకు వచ్చిన మొత్తంలో దాదాపు 45 శాతం, కేవలం 45 ఎకరాల భూమికి వచ్చిందన్నమాట. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఔటర్ నిజంగా సృష్టించిన సంపద టోలు గేటు దగ్గర లేదని, రోడ్డు పక్క నేలలో ఉందని తెలుస్తుంది. ఆ సంపదలో ప్రభుత్వ భూమి వాటా ఖజానాకు వచ్చింది. ప్రైవేటు భూముల ధరలు పెరిగి అంతకు ఎన్నో రెట్లు యజమానులకు చేరింది. వారిలో రోడ్డు గీత పక్కన నిలిచినవారు ఉన్నారు, సమాచారం ముందే తెలిసి కొన్నవారూ ఉన్నారు. 150 మీటర్ల పట్టీలో పొలం పోగొట్టుకున్నవారికి మాత్రం ఆ పెరుగుదలలో వాటా లేదు. టోలు కట్టే వాహనదారు మీదే భారం మోపే ముందు, రోడ్డు వల్ల విలువ పెరిగిన భూముల నుంచి న్యాయమైన వాటా రాబట్టే మార్గాన్ని ప్రణాళిక దశలోనే చట్టబద్ధం చేయడం ప్రభుత్వం చేయాల్సిన పని.

ట్రాఫిక్ అంచనా: విజయవాడ దారి నేర్పినది

ఏ టోలు రోడ్డుకైనా పునాది ట్రాఫిక్ సర్వే. వారం రోజుల పాటు రాత్రింబగళ్లు వాహనాలను రకాల వారీగా లెక్కిస్తారు. బండ్లు ఆపి ఎక్కడి నుంచి ఎక్కడికని అడుగుతారు. లారీల ఇరుసు మీద పడే బరువు తూస్తారు. అన్నిటినీ కారు ప్రమాణంలోకి మార్చి పీసీయూలు అంటారు. కారు ఒకటి అయితే మూడు ఇరుసుల లారీ మూడు, అంతకు మించిన ఇరుసుల వాహనం నాలుగున్నర. ఆ అంకెకు ఏటా ఇంత పెరుగుదల అని కలుపుకుంటూ పోయి పాతికేళ్ల ఆదాయం కట్టేస్తారు. ఆ పెరుగుదల రేటు దగ్గరే అసలు ప్రమాదం ఉంది.

హైదరాబాద్–విజయవాడ రహదారిని నాలుగు వరుసలు చేసే పనిని టోలు మీద నడిచే బీఓటీ (కట్టి, నడిపి, అప్పగించే) పద్ధతిలో జీఎంఆర్ సంస్థ 2009లో తీసుకుంది. మల్కాపురం నుంచి నందిగామ దాకా సుమారు 181 కి.మీ. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర ప్లాజాలు. 2012 డిసెంబరులో టోలు మొదలైంది. ఇక్కడ యాన్యుటీ లేదు. వాహనాలు రాకపోతే నష్టం సంస్థదే. రెండేళ్లు తిరక్కుండానే రాష్ట్రం విడిపోయింది. ఒకే రాష్ట్రం లోపలి రోడ్డు రెండు రాష్ట్రాల మధ్య రోడ్డయింది. ఇసుక రవాణా మీద ఆంక్షలు వచ్చాయి. లారీల రాకపోకలు అంచనాలకు తగ్గట్టు లేవు. దీన్ని 'చట్టంలో మార్పు'గా గుర్తించి పరిహారం ఇవ్వాలని సంస్థ కోరింది. వివాదం మధ్యవర్తిత్వానికి, కోర్టులకు వెళ్లింది. చివరికి గడువుకు ఎంతో ముందే, 2024 జూలై నుంచి రోడ్డు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. ఇప్పుడు దీన్ని ఆరు వరుసలు చేయాలన్నది రెండు రాష్ట్రాల ప్రజల కోరిక.

సంక్రాంతికి పంతంగి దగ్గర కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయే కార్లను టీవీలో చూసినవారికి ఈ రోడ్డుకు ఆదాయం చాలలేదంటే నమ్మబుద్ధి కాదు. పండగ నాలుగు రోజుల రద్దీ వేరు, ఏడాది పొడవునా తిరిగే లారీల సంఖ్య వేరు. టోలు ఆదాయంలో బరువైన భాగం సాధారణంగా కార్లది కాదు, సరుకు వాహనాలది. వరుసల సంఖ్య నిర్ణయించేటప్పుడు మాత్రం పండగ రద్దీని, ప్రమాదాలు తరచూ జరిగే కూడళ్లను పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆదాయం లెక్క, అవసరం లెక్క రెండూ ఒకటే అనుకుంటే అటు పెట్టుబడిదారూ ఇటు ప్రయాణికుడూ నష్టపోతారు.

ఇలాంటి అనుభవాల తర్వాతే దేశంలో 2016 నుంచి హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి ఎక్కువైంది. నిర్మాణ సమయంలోనే ఖర్చులో 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతాన్ని కట్టాక సుమారు 15 ఏళ్లలో వాయిదాలుగా చెల్లిస్తుంది. టోలు, ట్రాఫిక్ భయం రెండూ ప్రభుత్వానివే.

రీజినల్ రింగ్ రోడ్డు

ఔటర్‌కు అవతల, నగరం నుంచి 50, 60 కిలోమీటర్ల దూరంలో రెండో వలయం తలపెట్టారు. అదే రీజినల్ రింగ్ రోడ్డు, వాడుకలో ట్రిపుల్ ఆర్. మొత్తం 340 కి.మీ.కు పైనే. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా సుమారు 161 కి.మీ. దక్షిణ భాగం చౌటుప్పల్ నుంచి ఆమనగల్, షాద్‌నగర్, చేవెళ్ల వైపుగా తిరిగి సంగారెడ్డి చేరుతుంది. ఉత్తర భాగాన్ని జాతీయ రహదారిగా గుర్తించి 161ఏఏ నంబరు ఇచ్చారు. భూసేకరణ ఖర్చులో సగం రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. స్తంభాలు, నీటి పైపులు, కేబుళ్లు తరలించే ఖర్చు ఎవరిదన్న దాని మీద కేంద్ర, రాష్ట్రాల మధ్య చాలాకాలం వాదన నడిచి, చివరికి కేంద్రం భరించేందుకు ఒప్పుకుంది. 2024 డిసెంబరులో ఉత్తర భాగానికి నాలుగు వరుసల లెక్కన ఐదు ప్యాకేజీలుగా టెండర్లు పిలిచారు. ఆ తర్వాత ఆరు వరుసల ప్రతిపాదన ముందుకొచ్చింది. మొదటి నుంచే ఆరు వరుసలు సరిపోయేంత వెడల్పున భూమి తీసుకుని, రోడ్డును మాత్రం అవసరాన్ని బట్టి పెంచుకోవడమే తెలివైన పని. రెండోసారి భూసేకరణకు వెళ్లడమంటే అప్పటికే పెరిగిన ధర చెల్లించడమే.

భువనగిరి పక్కన రాయగిరి వంటి ఊళ్లలో రైతుల ప్రతిఘటన తీవ్రంగా ఉంది. ఇంతకుముందే కాలువలకో, హైటెన్షన్ తీగలకో, మరో రోడ్డుకో భూమి ఇచ్చినవారి మీదే మళ్లీ గీత పడిందన్నది వారి ఆవేదన. అలైన్‌మెంట్ మార్చండి, లేదంటే భూమికి భూమి ఇవ్వండి అని అడుగుతున్నారు. రాజధాని అమరావతికి 2015లో జరిపిన సమీకరణలో మెట్ట భూమి ఎకరా ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. పట్టీలా సాగే రోడ్డుకు ఆ పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికిరాదు. తీసుకున్న నేలంతా తారు కిందికే పోతుంది, తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలదు. వీలు కావాలంటే సేకరణను రోడ్డు పట్టీకే పరిమితం చేయకుండా, ఇంటర్‌చేంజుల చుట్టూ కొంత భూమిని కూడా సమీకరించి, పొలం పూర్తిగా పోయినవారికి అందులో వాటా ఇవ్వాలి. ఔటర్ నాడు గ్రోత్ కారిడార్‌ను కిలోమీటరు మేర గుర్తించినప్పుడు ఈ అవకాశం చేతిలోనే ఉంది. ట్రిపుల్ ఆర్ ఇంటర్‌చేంజుల దగ్గర అది ఇంకా మిగిలే ఉంది.